ఒంటితోక

ఊరి చెరువులో కొర్రమట్ట చేపలకు పుండ్లు లేవడం మొదలై పన్నెండు రోజులైంది. ముందు ఒంటి మీద ఎర్రటి మచ్చ కనిపించేది, రెండు రోజులకు అది గుంట పడేది, ఆ తర్వాత లోపలి కండ బయటపడి చేప ఒడ్డుకు కొట్టుకొచ్చేది. రామన్నపేట అంగట్లో ఆ ఊరి చేపను ముట్టుకునేవాళ్లు లేరు. తొంభై ఒకటో సంవత్సరం జనవరిలో, పట్టుబడి బాగుండాల్సిన రోజుల్లో, నలభై రెండు బెస్త కుటుంబాలు వలలు ఆరేసుకుని కూర్చున్నాయి. ఇంతవరకు తెలిసిందే. ఈ గొడవ గులాం నబీ గడపలోకి ఎలా వచ్చిందో పోయిన వారం చూశాం. సోమవారం పొద్దున జానయ్య వలలో, పుండ్లు పడ్డ కొర్రమట్టల మధ్య, జానెడు పొడుగున్న ఎర్రటి చేప ఒకటి పడింది. చుట్టుపక్కల పది ఊళ్లలో ఎర్ర చేపలు పెంచేది గులాం నబీ ఒక్కడే. మధ్యాహ్నానికల్లా చేపల సొసైటీ పెద్ద మారయ్య ఆ చేపను తపేలాలో వేసుకుని, నలుగురిని వెంటబెట్టుకుని ఆయన వాకిట్లో నిలబడ్డాడు. నబీ కోడలు హనీఫా తలుపు చాటు నుంచి తొంగిచూసింది. తపేలాలో ఏముందో కంటితో చూడకముందే ఆమెకు తెలిసిపోయింది.

గులాం నబీ తొందరపడే మనిషి కాదు. పెరట్లో చేపల హౌజు అంచున పేరుకున్న నాచును కొబ్బరి పీచుతో గీకుతున్నవాడు లేచి, చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. అరవై మూడేళ్ల వయసు, సన్నటి మనిషి, గడ్డం పూర్తిగా నెరిసింది. వచ్చినవాళ్లను వాకిట్లో నిలబెట్టి మాట్లాడటం ఇష్టంలేక పెరట్లోకి పిలుచుకుపోయాడు. అక్కడ తాటాకు పందిరి కింద రెండు హౌజులున్నాయి. రాతితో కట్టి, లోపల గచ్చు చేసినవి. నడుం లోతు. వాటిలో గుర్రపు డెక్క నీడన ఎర్రగా, తెల్లగా, నారింజ రంగులో నూట యాభై దాకా చేపలు మెల్లగా తిరుగుతున్నాయి.

నబీ తపేలాలోకి వంగి చాలాసేపు చూశాడు.

"ఇది నా చాప కాదు మారయ్యా," అన్నాడు.

"ఎర్రగున్నది గద సాబ్. మా తాతల కాలంకెల్లి చెరువుల ఎర్ర చాప అనేదే లేదు."

"ఎర్రగుంటె అయిపాయెనా? తోక చూడు."

తెల్ల పింగాణీ బేసిన్‌లో హౌజు నీళ్లు ముంచి, జాలీతో తన చేపనొకదాన్ని పట్టి అందులో వదిలాడు. తపేలాను దాని పక్కకు జరిపాడు. తేడా చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. నబీ చేపది పొట్టి శరీరం, ఉబ్బిన పొట్ట, వెనక తోక రెండుగా చీలి చీర కుచ్చిళ్లలా పరుచుకుని ఉంది. చెరువు చేప సన్నగా, పొడుగ్గా ఉంది. దాని తోక ఒకటే. నిలువుగా, గట్టిగా, చెరువులో తిరిగే ఏ చేపకైనా ఉండే తోక.

"జంటతోకది నాది. ఒంటితోకది నాది కాదు," అన్నాడు నబీ. "నల్గొండల డాక్టర్ల దవాఖానల్ల, భువనగిరి లాడ్జిల అద్దాల తొట్లు చూడుండ్రి. అన్నిట్ల నేనిచ్చిన చాపలే. ఎక్కడన్న ఒక్క ఒంటితోకది అగుపిస్తె నా హౌజులు మీరే పగలగొట్టుండ్రి."

"నీ చాపలకు ఒంటితోకయి పుట్టయా సాబ్?" అని అడిగింది నర్సింగమ్మ. మారయ్య వెంట వచ్చిన నలుగురిలో ఆడమనిషి ఆమె ఒక్కతే, అరవై దాటింది. సొసైటీ చేపలు గంపలో పెట్టుకుని అంగడికి పోయే ఆడవాళ్లందరికీ ఆమే పెద్ద. మగవాళ్లు కోపంగా నిలబడితే ఆమె బేసిన్ పక్కన గొంతుక్కూర్చుని చేపను చూస్తోంది.

"పుడ్తయ్. ఎందుకు పుట్టయ్? నూటికి అరవై గవే పుడ్తయ్. ఇరవై దినాలకు తోక తెలుస్తది. ఏరి తీసి దానిమ్మ చెట్టు మొదట్ల పూడ్చిపెడ్తం. వాటిని ఉంచుకుంటె వాటి పిల్లలు గూడ గట్లనే వస్తయ్, జాతి పోతది. ముప్పై ఏండ్లల ఒక్కటి గూడ పానంతోని గీ గోడ దాటి పోలె."

పూడ్చిపెడతాం అని ఆయన అన్నాడు గానీ, నాలుగేళ్లుగా ఆ పని హనీఫాది.

ఆ చేపల వెనక నబీ జీవితమంతా ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆయన హైదరాబాదులో ఒక నవాబు దేవిడీలో తోటమాలి. ఆ దేవిడీ నడిమధ్యన హౌజు, అందులో ఈ చేపలు. అరవై ఒకటిలో దేవిడీ అమ్ముడుపోయింది. హౌజును పూడ్చే కూలీలు గంపలతో మట్టి తెచ్చిన పూట, నబీ కిరోసిన్ డబ్బాను బూడిదతో తోమి ఆరు చేపలను అందులో వేసుకుని బస్సెక్కాడు. నాలుగు దారిలోనే చచ్చిపోయాయి. మిగిలిన రెండింటి సంతానమే ఇప్పుడు ఈ హౌజుల్లో ఉన్నది. ఇవి చల్లనీళ్లకు అలవాటు పడ్డ చేపలు, ఈ రాళ్ల నేల ఎండలకు తట్టుకోలేవని చెప్పినవాళ్లున్నారు. నబీ తాటాకు పందిరి వేశాడు. మే నెలలో పందిరి మీద తడి గోనెలు పరిచాడు. బావిలో నీళ్లు అడుగంటిన ఏడు తను తాగే కుండనీళ్లు కూడా హౌజులోనే పోశాడని ఊళ్లో చెప్పుకుంటారు.

హనీఫా భువనగిరి పిల్ల. ఈ ఇంటికి కోడలుగా వచ్చి ఎనిమిదేళ్లైంది. భర్త ఆజం ఆర్టీసీ కండక్టరు. రోజు విడిచి రోజు ఇంటికొస్తాడు, వచ్చిన రోజు నిద్రపోతాడు. నాలుగేళ్ల కింద అత్త పోయాక, అత్త చేసే హౌజు పని కోడలి చేతికి వచ్చింది. ఇష్టపడి నేర్చుకుంది. కుళాయి నీళ్లను రాత్రంతా నిలవబెట్టకుండా తొట్టిలో పోస్తే బ్లీచింగ్ పౌడరు ఘాటుకు చేపల మొప్పలు కాలిపోతాయని నేర్చుకుంది. మేత ఎంత వేయాలో కాదు, ఎప్పుడు ఆపాలో నేర్చుకుంది. చేప రెక్క ముడుచుకుంటే దానికి ఒంట్లో బాగాలేదని నేర్చుకుంది. చలి తగ్గుతూనే గుర్రపు డెక్క వేర్లకు అంటుకున్న గుడ్లను చూసి ఎన్నింటికి ప్రాణం వస్తుందో చెప్పగలిగేది. పిల్లలు ఇరవై రోజులవగానే తెల్ల బేసిన్‌లో పోసి, వంగి, ఆల్చిప్పతో ఒక్కోదాన్ని ఏరేది.

మొదటిసారి మామ చెప్పినట్టే చేసింది. బియ్యపు గింజకంటే కాస్త పెద్దవి, రెండు మూడు వందల పిల్లలు. దానిమ్మ మొదట్లో చిన్న గుంట తవ్వి నీళ్లతో సహా ఒంపి మన్ను కప్పింది. నీళ్లు ఇంకిపోవడానికి కొంతసేపు పట్టింది. అంతసేపూ మన్ను కదులుతూనే ఉంది. హనీఫా చేతులు కడుక్కుని లోపలికి వచ్చి రొట్టెలు చేసింది.

రెండోసారి వాటిని బిందెలో పోసి, పైన బట్టల మూట పెట్టుకుని చెరువుకు పోయింది. బిందె పట్టుకుని చెరువుకు పోయే ఆడమనిషిని ఏం తీసుకుపోతున్నావని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. తూముకు ఎగువన, తుంగ మొలిచిన చోట ఒంపింది. సాయంత్రానికి ఏ కొర్రమట్టో మింగేస్తుందని ఆమెకు తెలుసు. నీళ్లలో పుట్టింది నీళ్లలోనే పోతుందని అనుకుంది. అందులో ఒకటి బతికి జానెడు పొడుగు పెరుగుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

పెరట్లో మారయ్య గొంతు పెరిగింది.

"సాబ్, మాకు గీ తోకల సంగతి తెల్వది. ఎర్ర చాప అగుపించింది, పుండ్లు అగుపించినయ్. ఊరంత గదే అంటాంది. నువ్వు కాదంటున్నవ్. నువ్వు అబద్ధమాడే మనిషివి కాదు, నాకు ఎరుకే. కాని నా ఎనక నలభై రెండు ఇండ్లున్నయ్, వాళ్లకు నేనేం చెప్పాలె? శుక్రారం మసీదు కాడ పది మందిల ఖురాన్ మీద చెయ్యి వెట్టి చెప్పు. నా ఇంటి చాప కాదు అని ఒక్క మాట. మల్ల మేం నోరు తెరువం."

"శుక్రారం దాక ఎందుకు? నా మాట నడువకపోతె ఇప్పుడే చెప్త." నబీ ఇంటివైపు తిరిగి ఉర్దూలో కేకేశాడు. "హనీఫా, ఖురాన్ షరీఫ్ తే బేటీ. వజూ చేసి వస్త."

ఆయన బావి గట్టు మీద కూర్చుని లోటాతో నీళ్లు పోసుకోవడం మొదలుపెట్టాడు. చేతులు, నోరు, ముక్కు, ముఖం. ఏ పనైనా నెమ్మదిగా చేసే మనిషి, అది మరింత నెమ్మదిగా చేస్తున్నాడు. సొసైటీ మనుషులు చూపులు తిప్పుకుని నిలబడ్డారు.

హనీఫా లోపలి గదిలోకి పోయింది. గూట్లో పచ్చటి బట్టలో చుట్టి ఉంది ఖురాన్. తల మీద కొంగు సరిచేసుకుని చెయ్యి చాచింది. ఆమెకు దుఃఖం రాలేదు, భయం కూడా పెద్దగా వేయలేదు. ఒకటే ఆలోచన తిరిగింది. ఆయన తెలియక చెప్పే మాట దేవుడి దగ్గర తప్పు కాకపోవచ్చు. కానీ తనకు తెలుసు. తెలిసి ఆ గ్రంథాన్ని ఆయన చేతికి అందించేది తను.

చెయ్యి వెనక్కి తీసుకుని, ఉత్త చేతులతో పెరట్లోకి నడిచింది. పరాయి మగవాళ్లు నలుగురున్న చోటికి ఆ ఇంటి కోడలు రావడం అదే మొదటిసారి. మారయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అబ్బాజాన్, ఖురాన్ మీద చెయ్యి వెట్టకుండ్రి," అంది.

నబీ మోచేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. "ఎందుకు?"

ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూ. హనీఫా తెలుగులో చెప్పింది, అక్కడున్న అందరికీ అర్థమయ్యేటట్టు. "అది మన చాపనే. నేనే చెరువుల ఇడిసిన."

బేసిన్‌లో జంటతోక చేప నీటిపైకి వచ్చి ఒక గుటక వేసి కిందికి పోయింది.

"నువ్వా?" అన్నాడు మారయ్య. ఆయన గొంతులో కోపం కంటే ఇబ్బంది ఎక్కువగా ఉంది. ముసలాయనతో తగాదాకు సిద్ధపడి వచ్చిన మనిషికి, ఆయన కోడలితో ఎలా మాట్లాడాలో తోచలేదు. "ఎన్నిసార్లు ఇడిసినవమ్మా?"

"నాలుగేండ్ల సంది. ఏడాదికి రెండు మూడు సార్లు. ఒంటితోకయి ఎన్నెల్లితె అన్ని."

"సాబ్‌కు ఎరుకనా?"

"తెల్వది. పూడ్చిన అనే చెప్పిన."

నబీ బావి గట్టు మీద నుంచి లేవలేదు. లోటా పక్కన పెట్టాడు. మారయ్య వెంట వచ్చినవాళ్లలో ఒకడు, ఇంకేముంది, ఈ చేపలు చచ్చేట్టు హౌజుల్లో పోయడానికి సున్నం తెప్పించండి అన్నాడు. ఇంకొకడు, కొర్రమట్టలన్నీ పోయాక సున్నం పోసి ఏం లాభం అన్నాడు. అప్పుడు నర్సింగమ్మ తపేలాలో చెయ్యి పెట్టి చెరువు చేపను ఎత్తింది. అటు తిప్పి ఇటు తిప్పి, పొట్ట, మొప్పలు, రెక్కల మొదళ్లు చూసింది.

"ఓ మారా, దీనికి ఒక్క పుండన్న ఉన్నదా? పొలుసు గూడ రాలలె. రోగం దీనిదే అయితె ముందుగాల ఇదే సావాలె గద."

"గట్ల కాదు నర్సింగక్క. అంగడికెల్లి తెచ్చిన కోడి మంచిగనే తిరుగుతది, ఇంట్ల ఉన్న కోళ్లు సస్తయ్. నువ్వు చూళ్లేదా?"

నర్సింగమ్మ చేపను మళ్లీ నీళ్లలో వదిలింది. హనీఫా వైపు చూసి, "బిడ్డా, మట్టిల పెట్టబుద్ధి కాలెనా?" అని అడిగింది. హనీఫా కాలేదన్నట్టు తల ఊపింది. ముసలామె మోకాళ్లు పట్టుకుని లేచింది.

మారయ్య తేల్చి చెప్పాడు. "నల్గొండ చాపల ఆఫీసుకెల్లి ఐలేశం సారు రేపు పొద్దుగాల వస్తుండు. ఆయన చూసేదాక ఒక్క చాప గీ గోడ దాటొద్దు. హౌజు నీళ్లు ఒక్క చుక్క కాలువల కలవొద్దు. రోగం వీటిదే అని ఆయన గిన అంటె, రెండు హౌజులల్ల సున్నం పోస్తం. ఒప్పుకుంటవా సాబ్?"

"ఒప్పుకుంట," అన్నాడు నబీ.

చెరువు చేపను ఒక తొట్టిలో ఒంపి, తపేలా తీసుకుని వాళ్లు వెళ్లిపోయారు. ఒంటితోక ఆ ఇంట్లో మిగిలింది.

హనీఫా అక్కడే నిలబడింది. ఆయన తిడతాడని, కనీసం గట్టిగా అరుస్తాడని ఎదురుచూసింది. నబీ తొట్టి పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. చేప తొట్టి గోడ వెంట వేగంగా తిరుగుతోంది. హౌజు చేపలు అలా తిరగవు, తిరగలేవు.

"ఎన్నేండ్లుంటయ్ దీనికి?" చివరికి అడిగాడు.

"మూడు కావచ్చు."

"మూడేండ్లు కొర్రమట్టల నడుమ బతికింది. నావాటిల ఒక్కదాన్ని చెరువుల ఇడిస్తె దినం గూడ బతకది." ఆ మాటలో మెచ్చుకోలు లేదు, బాధా లేదు. ధాన్యం ఎండిందో లేదో చెప్పినట్టు చెప్పాడు. తర్వాత ఆమె ముఖంలోకి చూడకుండానే అన్నాడు. "ప్రతిసారి అడిగిన నిన్ను. పూడ్చినవా బేటీ అని. పూడ్చిన అన్నవ్."

"అన్న."

"చాపలు పోతె పోనీ. రేపు సున్నం పోస్తె పొయ్యనీ. అల్లా ఇచ్చిండు, అల్లా తీసుకుంటడు. కాని నాకు అబద్ధం చెప్పినోళ్ల చెయ్యి నా నీళ్లల్ల వద్దు. ఇయ్యాల్టి సంది హౌజుల కాడికి రాకు."

"సరే," అంది హనీఫా.

ఇంట్లోకి వచ్చి బియ్యం ఏరడానికి కూర్చుంది. ఏరుతుంటే తెలిసింది, ఈ ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో తనది అని చెప్పుకోదగ్గ పని హౌజు పని ఒక్కటే. వంట ఎవరైనా చేస్తారు. హౌజులో ఏ చేప మేతకు ముందు వస్తుందో, ఏది వెనకుంటుందో తనకే తెలుసు. అది పోయింది. అయితే నాలుగేళ్లుగా మామ అడిగిన ప్రతిసారీ చెప్పాల్సి వచ్చిన అబద్ధం కూడా పోయింది. రెండూ ఒకేసారి పోవడంతో ఏడవాలో ఊపిరి పీల్చుకోవాలో ఆమెకు తెలియలేదు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. ఆజం మర్నాడు సాయంత్రం గానీ రాడు. వచ్చాక తండ్రి చెప్తాడో, తనే చెప్పాలో.

తెల్లవారి మంచు బాగా పడింది. పందిరి తాటాకుల నుంచి చుక్కలు కారుతున్నాయి. హనీఫా వంటింటి గుమ్మంలో కూర్చుని పిండి పిసుకుతూ, కళ్లు అటు పోకుండా ఆపుకోలేక, మామను చూస్తోంది. ఆయన మొదటి హౌజులో మేత చల్లాడు. రెండో హౌజు దగ్గరికి పోయి మేత చల్లి, వంగాడు. నిటారుగా నిలబడ్డాడు. మళ్లీ వంగాడు. ఈసారి ఒక చెయ్యి గట్టు మీద ఆనించి, ముఖం నీళ్లకు తగిలేంత కిందికి వంగాడు.

"హనీఫా."

ఆమె పిండి చేతులతోనే లేచి మెట్టు మీద ఆగిపోయింది. "మీరు రావద్దన్నరు."

"ఇప్పుడు రమ్మంటున్న."

ఆమె వచ్చింది. ఆయన చూపిస్తున్నది ముసలి ఆడచేపను. పదకొండేళ్లది, తెల్లటి ఒంటి మీద నెత్తురు రంగు మచ్చలది, ఆ రెండు హౌజుల్లో సగం చేపలకు తల్లి. మేతకు పైకి రాకుండా గోడ వారన, ఒక రెక్క ముడుచుకుని, కదలకుండా ఉంది.

"నా కండ్లకు పొగ కమ్మినట్టు ఉంటది," అన్నాడు నబీ, చాలా మెల్లగా. "పోయిన రంజాన్ సంది గట్లనే. ఆజంకు చెప్పలె. పెద్దయి అగుపిస్తయ్, చిన్నయి అగుపియ్యయ్. దాని రెక్క కింద కొత్తగ ఏమన్న ఎర్రగున్నదా? నువ్వు చూడు."

హనీఫా మోకాళ్ల మీద కూర్చుని నీళ్లలోకి చూసింది. పొద్దు ఇంకా పందిరి లోపలికి రాలేదు. చేప కొంచెం పక్కకు ఒరిగింది. రెక్క మొదట్లో, తెల్లటి పొట్ట మీద, జొన్నగింజంత మచ్చ కనిపించింది. మధ్యలో ఎర్రగా, చుట్టూ పాలిపోయినట్టుగా ఉంది. నిన్న ఉదయం అది లేదు. నిన్న ఉదయం దాకా ఆ చేపను రోజూ చూసింది తనే.

గోడ అవతల సైకిలు గంట మోగింది. మారయ్య గొంతు వినిపించింది, ఇదే ఇల్లు సార్ అంటూ.

"ఉన్నదా?" నబీ అడిగాడు.

"ఉన్నది."

"పుండా? రాయికి గీరుకున్నదా?"

"తెలుస్తలేదు. రెండు దినాలు ఆగితె గాని తెల్వది."

నబీ గట్టు పట్టుకుని లేచాడు. గడ్డం మీద మంచు తడి మెరుస్తోంది. "సారు నన్ను అడిగితె నాకేం అగుపియ్యలె అంట. అది అబద్ధం కాదు," అన్నాడు. నిన్న ఆమెతో అన్న మాటలు ఆయనకు ఆ క్షణంలో గుర్తొచ్చాయో లేదో ముఖం చూసి చెప్పడం కష్టం.

తడిక తలుపు తోసుకుని ముందు మారయ్య, వెనక ఐలేశం లోపలికి వచ్చారు. ఐలేశం ముప్పై ఏళ్ల మనిషి. మెడకు మఫ్లరు, భుజానికి గుడ్డ సంచి, చేతిలో మూతబిగించిన రెండు గాజు సీసాలు. నబీకి నమస్కారం పెట్టి, సంచి గట్టు మీద దించి, నీళ్లను ఒకసారి కలయజూశాడు. తర్వాత ముసలాయన వైపు కాక, పిండి చేతులతో నీళ్ల పక్కన మోకాళ్ల మీద ఉన్న హనీఫా వైపు తిరిగాడు.

"అమ్మా, వీటిని దినాం చూసుకునేది మీరేనట గద. మారయ్య చెప్పిండు. మీకంటె బాగ ఎవ్వరికీ తెల్వదు, అందుకే మిమ్మల్నే అడుగుతున్న," అన్నాడు ఐలేశం, సీసా మూత తిప్పుతూ. "వీటిల దేనికన్న మచ్చ అగుపించిందా?"